పొట్ట రోలర్‌తో భద్రాచలం దాకా

భద్రాచలం వెళ్లొచ్చామని చెబితే ఎవరైనా ముందు దర్శనం బాగా జరిగిందా అని అడుగుతారు. మా వీధిలోనూ అదే అడిగారు. మేం వెళ్లింది బంతులు ఏరడానికి అని చెబితే ఎవరూ నమ్మలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సంగతేమిటంటే, భద్రాచలంలో బడిపిల్లలకు రోబోల పోటీ పెట్టారు. నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న బంతుల్ని పిల్లలు చేసిన యంత్రం ఏరుకుని బుట్టలో వేయాలి. మా కుసుమంచి బడి నుంచి శ్రావణి, నసీమా అని ఇద్దరు పదో తరగతి అమ్మాయిలు తయారయ్యారు. పోయినేడు కూడా వెళ్లారు. అప్పుడు వాళ్ల యంత్రం ఒక్క బంతినీ పట్టలేదు. దగ్గరికి పోవడం, బంతిని తన్నేయడం, మళ్లీ దాని వెంట పరుగెత్తడం. చూసేవాళ్లు ఫుట్‌బాల్ బాగా ఆడుతోందని పడి పడి నవ్వారట. ఆ మాట చెప్పేటప్పుడు శ్రావణి తల దించుకుంది. నసీమా పళ్లు కొరికింది. పరీక్షలు రాసేస్తే ఇద్దరూ బడి వదిలిపెడతారు కాబట్టి వాళ్లకు ఇదే ఆఖరి అవకాశం.

వాళ్ల సైన్సు సారు యాకూబ్ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్నని ఆయనకు ఎవరో చెప్పారు. బంతిని లోపలికి లాక్కునే రోలర్ ఒక్కటి చేసిపెట్టమని అడిగాడు. రోలర్ అనే మాట వినగానే నేను సరేనన్నాను. ఎందుకంటే నేను రోలర్ల ఇంట్లో పుట్టాను.

కుసుమంచిలో తయారైన సంగతి

మా నాయిన కొత్తగూడెం బొగ్గుగనిలో బెల్టు ఫిట్టరు. బొగ్గును మోసుకెళ్లే పొడుగాటి రబ్బరు బెల్టు పక్కలకు జారిపోకుండా, నడుమనే నడిచేలా చూడడం ఆయన పని. బెల్టు తిరిగే డ్రమ్ముకు మధ్యలో కాస్త ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తును గనివాళ్లు పొట్ట అంటారు. పొట్ట ఉంటేనే బెల్టు నడుమ నిలుస్తుంది. చిన్నప్పుడు నాయిన అన్నం తింటూ కంచం పక్కన నీళ్ల చెంబును పడుకోబెట్టి, దాని మీద తన కండువా వేసి లాగుతూ నాకు ఈ పాఠం చెప్పేవాడు. అమ్మ ఆదివారం ప్రార్థనకు వేళవుతోందని అరిచేదాకా ఆ పాఠం సాగేది.

కాబట్టి రోలర్ అనగానే నా చేతులకు వేరే ఆలోచన రాలేదు. ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకున్నాను. నాయిన పోయాక ఆ ఇంటి నుంచి నేను తెచ్చుకున్నది ఒక్కటే, రుబ్బురోలు కింద జారకుండా వేసుకునే పాత బెల్టు ముక్క. దాని పైపొరను నెమ్మదిగా ఒలిచి, ఆ రబ్బరును పైపుకు చుట్టాను. చివర్లలో ఒక చుట్టు, నడుమకు వచ్చేకొద్దీ ఎక్కువ చుట్లు. అచ్చం గని డ్రమ్ములాగే చక్కటి పొట్ట వచ్చింది. మోటారు తిప్పితే రోలర్ లోపలి వైపు గిర్రున తిరిగేది. బడి వరండాలో శ్రావణి బంతిని చేత్తో దాని ముందు పెట్టగానే గుటుక్కున మింగింది. అమ్మాయిలు ఎగిరి గంతేశారు. నాకు నాయిన పక్కనే నిలబడి మెచ్చుకున్నట్టే ఉంది.

బస్సులో బంతులు

గణపేశ్వరుడి గుడి వీధి చివర పొద్దున్నే బస్సెక్కాం. రోబో గ్యాస్‌పొయ్యి అట్టపెట్టెలో ఉంది. బంతులు గోనెసంచిలో ఉన్నాయి. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి మా ముగ్గురికీ సున్నా టికెట్, యాకూబ్ సారుకు ఒక్కడికే డబ్బులు.

కండక్టర్ పెట్టెను ఎగాదిగా చూశాడు. “గిండ్ల ఏందమ్మా? మిక్సీనా?”

“రోబో సార్,” అంది నసీమా గొప్పగా.

“రోబోకు సున్నా టికెట్ నడవది బిడ్డా. దానికి ఆధార్ కార్డున్నదా?”

బస్సంతా నవ్వింది. లగేజీ టికెట్ కొట్టకుండానే ముందుకు పోయాడు, అది వేరే సంగతి.

ఖమ్మం దాటి, కొత్తగూడెం బస్సులో కూర్చున్నాక ఒక స్పీడ్‌బ్రేకర్ దగ్గర గోనెసంచి మూతి ఊడింది. బంతులు టపటపా దూకి సీట్ల కిందికి, చెప్పుల మధ్యకు, డ్రైవర్ కాళ్ల దాకా దొర్లాయి. డ్రైవర్ బస్సు పక్కకు ఆపి, “ఏరుకోండ్రి జల్దీ,” అన్నాడు. కాలేజీ పిల్లలు, మిర్చి పనికి పోతున్న ఆడవాళ్లు అందరూ వంగి బంతులు ఏరిపెట్టారు. ఆ పని రోబో చేస్తుందని చెప్పుకుంటూ పోతున్న మాకు మనుషులు ఏరిపెట్టాల్సి వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం తన ఒళ్లోకి వచ్చిన బంతిని వదల్లేదు. “నా మనుమనికి ఇది ఉండనియ్యి బిడ్డా, మీకు మస్తున్నయి గదా,” అంది. శ్రావణి నా వంక చూసింది. నేను తల ఊపాను. ఆమె దిగేటప్పుడు ఆ అమ్మాయి తలమీద చేయి వేసి దీవించి పోయింది.

కొత్తగూడెం, లాజరు చిన్నాయిన వాకిలి

కొత్తగూడెం రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. మా చిన్నప్పుడు దూరం నుంచి వచ్చిన భక్తులు అక్కడ దిగి, తడి తువ్వాళ్లు భుజాన వేసుకుని, గుడి ఎటు అని మమ్మల్ని అడిగేవాళ్లు. గోదావరి దాటాలి అని చెప్పగానే వాళ్ల ముఖాలు పడిపోయేవి. మేం వాళ్లను బస్సుల దగ్గరికి తీసుకుపోయి, వాళ్లిచ్చిన పటికబెల్లం చప్పరిస్తూ ఇంటికి వచ్చేవాళ్లం. స్టేషన్ ముందు నిలబడగానే నోట్లో ఆ తీపి తగిలింది. నాకు ఆ రోజులు ఎంత కావాలనిపించిందో చెప్పలేను.

ఆ రాత్రికి లాజరు చిన్నాయిన ఇంట్లో దిగాం. ఆయన మా నాయినతో ఒకే షిఫ్టులో బెల్టు మీద పనిచేసినవాడు. రిటైరయ్యాక గని క్వార్టర్ల వెనకే చిన్న ఇల్లు కట్టుకున్నాడు. చిన్నమ్మ జొన్నరొట్టెలు, ఎండుచేపల పులుసు చేసిపెట్టింది. మా కుసుమంచిలో చుట్టాలు వస్తే ముందు మంచినీళ్లిచ్చి కులాసా అడుగుతారు. ఇక్కడ మొదటి ప్రశ్న “ఏ షిఫ్టు?” అనే. పని మానేసి ఎన్నేళ్లయినా వాళ్లకు రోజు మొదలయ్యేది సైరన్‌తోనే. అమ్మాయిలు సైరన్ విని ఉలిక్కిపడితే చిన్నమ్మ నవ్వుతూ ఇంకో రొట్టె వేసింది.

చిన్నాయిన రోలర్‌ను చేతిలోకి తీసుకుని బొటనవేలితో మెల్లగా తడిమాడు.

“ఇది మీ నాయిన చుట్టేనే సరోజా! గీ పొట్ట చూడు. గిట్ల ఉండాలె.”

ఆయన మాట విని పక్క ఇళ్లలోని పాత బెల్టువాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చేరారు. సరే, ఒకసారి చూపిద్దామని వాకిట్లో బంతులు చల్లి రోబోను వదిలాం. కుసుమంచిలో మేం బంతిని చేత్తో సరిగ్గా రోలర్ నడుమకు పెట్టేవాళ్లం. ఇక్కడ మొదటిసారి బంతులు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. ఒక బంతి రోలర్‌కు తగలగానే పక్కకు జారి, మూలలో యంత్రం పక్కరేకుకూ రోలర్‌కూ మధ్య ఇరుక్కుంది. దాని వెనక మరోటి. ఇంకో మూలలో ఇంకోటి. మోటారు మూలుగుతూ ఆగిపోయింది.

పెద్దమనుషులంతా ఒకే మందు చెప్పారు. గనిలో బెల్టు పక్కకు పోతే ఏం చేస్తారో అదే.

“పొట్ట చాలలేదు. నడుమ ఇంకో చుట్టు పడాలె,” అన్నాడు ఒకాయన.

“అవ్, అదే నేనంటున్న,” అన్నాడు చిన్నాయిన. లోపలి నుంచి సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి ఆయనే చుట్టాడు. నేనూ పక్కన కూర్చుని గమ్ము రాశాను. నాకు అది తప్పని క్షణం కూడా అనిపించలేదు. బొగ్గుబెల్టు తిండి తిని పెరిగిన మేమంతా ఒకేలా ఆలోచించాం మరి.

మళ్లీ తిప్పితే బంతులు ఇంకా వేగంగా మూలలకు పోయాయి. ఒకటి ఎగిరి చిన్నమ్మ పులుసు గిన్నె మూత మీద పడింది. చిన్నాయిన తల గోక్కుంటూ, “బెల్టయితే గిట్ల పోదే,” అని మూడు నాలుగుసార్లు అన్నాడు. నసీమా మూలలో ఇరుక్కున్న బంతిని పీకి పీకి లాగింది. శ్రావణి చాప మీద పడుకుని గోడవైపు తిరిగింది. రేపు భద్రాచలం చేరాలి, ఎల్లుండి పోటీ. పోయినేటి నవ్వులు మళ్లీ వినాల్సి వస్తుందని ఆ అమ్మాయి భయం. నా వల్లే వస్తుందేమోనని నా భయం.

బయల్దేరేటప్పుడు చిన్నాయిన రోబో పెట్టె మీద చేయి పెట్టి పెద్ద ప్రార్థన చేశాడు. గని, షిఫ్టు, సేఫ్టీ అన్నీ వచ్చాయి దాంట్లో. యాకూబ్ సారు కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాడు.

అడవి దారిలో కీరదోస

పాల్వంచ దాటాక దారికి రెండు వైపులా చెట్లు మొదలవుతాయి. టేకాకులు ఎండి రోడ్డు మీద పడి ఉన్నాయి. వెదురు బొంగుల్లో కోడికూర కాల్చి అమ్మే గుడిసెలు వరసగా ఉన్నాయి. టీ కోసం బస్సు అక్కడ కాసేపు ఆగింది. నా చిన్నతనంలో అది అడవి ఊళ్లవాళ్లు ఇళ్ల దగ్గర చేసుకునే తిండి. ఇప్పుడు కార్లు ఆపి ఫోటోలు తీసుకుని తింటున్నారు. ఒక బొంగు ధర విని యాకూబ్ సారు దండం పెట్టాడు. మేం పక్కన కీరదోసకాయలు అమ్మే ఆమె దగ్గర ఆగాం.

ఆమె పక్కనున్న చెల్లెలితో కోయ భాషలో ఏదో చెప్పి నవ్వి, మాతో తెలుగులో మాట్లాడింది. ప్రతి కాయకూ కొస కోసి, ఆ ముక్కతోనే కాయ మీద గుండ్రంగా రుద్దింది. తెల్లగా నురగ వచ్చింది.

“గట్ల రుద్దితె చేదు పోతది,” అంది. మా ఇళ్లలోనూ అట్లాగే చేస్తాం. ఆమె చేయి మాత్రం మా చేతుల కంటే జోరుగా తిరిగింది. నిలువునా చీల్చి ఉప్పూకారం పెట్టబోతుంటే శ్రావణి ఆపింది.

“అక్కా, నాకు అడ్డం కొయ్యవా? నడిమికి.”

“అడ్డమెందుకే? కారం యాడ పెడతరు?”

“కారం వద్దక్కా.”

ఆమె విచిత్రంగా చూసి, కాయను నడుమకు రెండుగా కోసి ఇచ్చింది. కాయ నడుమ లావు, కొసలు సన్నం. శ్రావణి ఆ రెండు ముక్కల్ని తారుమారు చేసి పట్టుకుంది. ఎడమది కుడివైపుకు, కుడిది ఎడమవైపుకు. ఇప్పుడు సన్నటి కొసలు రెండూ నడుమ కలిశాయి. లావు భాగాలు రెండు చివరలకు పోయాయి.

“మేడం, బెల్టు ఎత్తు మీదికి ఎక్కుతది గదా. బంతి ఎక్కదు. యాడ జాగుంటే ఆడికి జారుతది. మన రోలర్ల జాగ చివర్లనే ఉన్నది. గందుకే బంతులు మూలకు పోతున్నయి.”

నేను నోట్లో ముక్క నమలడం ఆపేశాను. అంత సులువైన సంగతి. ఎత్తు తీసి చివరలకు పెడితే జాగా నడుమకు వస్తుంది, బంతి నడుమకు వస్తుంది. నా రోలర్‌కు కొత్త చుట్లు కూడా అక్కర్లేదు. నడుమకు కోసి ముక్కలు మార్చేస్తే చాలు.

“అయితే కొయ్యాలె,” అంది నసీమా. అన్నాక నా ముఖం చూసి గబుక్కున నోరు మూసుకుంది. ఆ రబ్బరు ఎవరిదో ఇద్దరికీ తెలుసు. శ్రావణి వెంటనే, “వేరే పైపు కొందాం మేడం. సైకిల్ ట్యూబు చుట్టుకుందాం,” అంది. ట్యూబు పలచన, బంతిని పట్టదు. ఆ సంగతీ వాళ్లకు తెలుసు.

కీరదోస ఆమె మా మాటలన్నీ విని, కారం పొట్లం కూడా చేతిలో పెట్టింది. “ఎట్ల కోసినా తినేటిదే గదా, ఉంచుకోండ్రి,” అంది.

భద్రాచలంలో రంపం

గోదావరి వంతెన మీద బస్సులో అందరూ రూపాయి బిళ్లలు నీళ్లలోకి విసిరారు. మా నాయిన చర్చికి పోయే మనిషే గానీ వంతెన దాటుతుంటే నా చేతిలోనూ ఒక బిళ్ల పెట్టేవాడు. నది అందరిదే, వెయ్యి అనేవాడు. నేనూ ఒకటి వేశాను. అమ్మాయిలు చేతులు జోడించారు.

ఘాట్‌కు పోయే వీధిలో ఒక వడ్రంగి దుకాణం దొరికింది. మా పని చెప్పగానే ఆయన రంపం చేతిలోకి తీసుకున్నాడు. నేను అడిగి తీసుకున్నాను. వేరేవాళ్ల చేత కోయించడానికి నాకు మనసొప్పలేదు. నసీమా పైపును గట్టిగా పట్టుకుంది. ముందు సైకిల్ ట్యూబు ఊడబెరికాను, తర్వాత రంపం పెట్టాను.

నాలుగు లాగులకే రబ్బరు వేడెక్కి వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. షిఫ్టు దిగి వచ్చిన నాయిన చొక్కా వాసన అది. నేను ఆయన మెడకు వేలాడి పీల్చిన వాసన. చేయి ఆగిపోయింది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. నాయిన లేడనే సంగతి ఇన్నేళ్లుగా తెలిసిందే, అయినా ఆ దుకాణంలో, చెక్కపొట్టు మధ్య, అది కొత్తగా తెలిసినట్టు తెలిసింది.

“మేడం, వద్దులే,” అంది శ్రావణి.

“పట్టుకో,” అన్నాను నసీమాతో. కోసేశాను.

ముక్కలు మార్చి ఒకే ఇరుసుకు ఎక్కించి, కోసిన చివర్లకు వడ్రంగి చేసిచ్చిన చెక్క బిళ్లలు బిగించాం. రోలర్ ఇప్పుడు నడుము సన్నగా, డమరుకంలాంటి ఉడుక్కలాగ ఉంది. దుకాణం గచ్చు మీదే రోలర్ మూలకు ఒక బంతి పెట్టాం. రోలర్ తగలగానే బంతి తనంతట తాను నడుమకు జరిగి లోపలికి పోయింది. నసీమా కేక వేస్తే పక్క దుకాణంవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వడ్రంగి కూలి తీసుకోలేదు, రోబోను ఇంకోసారి తిప్పి చూపించమన్నాడు.

పోటీ

పోటీ ఒక కళాశాల హాల్లో జరిగింది. చర్ల వైపు అడవి ఊరి ఆశ్రమ బడి నుంచి వచ్చిన అబ్బాయిలు తమ యంత్రానికి చట్రం మొత్తం వెదురుతో చేశారు. మేం అబ్బురపడి చూశాం. వాళ్లు మా రోలర్‌ను అంతే అబ్బురంగా చూశారు.

మా వంతు వచ్చేసరికి శ్రావణి రోలర్‌ను వేలితో మరోసారి తిప్పి చూసుకుంది. పోయినేడు నవ్విన పిల్లల్లో కొందరు ముందు వరసలోనే ఉన్నారు. రోబో కదిలింది. మొదటి బంతి మూలకు తగిలింది, ఒక్క క్షణం ఆగింది, నడుమకు జారి లోపలికి పోయింది. తర్వాత రెండోది. మధ్యలో బ్యాటరీ వైరు ఊడితే నసీమా వంగి క్షణంలో బిగించింది. ఎవరూ నవ్వలేదు. చివరికి ఒక్క బంతి మాత్రం గోడవారగా మిగిలిపోయింది.

న్యాయనిర్ణేతగా వచ్చిన ఇంజినీరమ్మ అడిగింది, నడుము సన్నగా చేయాలనే ఆలోచన ఎవరిదని.

“కీరదోసకాయది మేడం,” అంది శ్రావణి. ఆ తర్వాత నా వైపు చూసి, “రబ్బరు మాత్రం మా మేడం వాళ్ల నాయినది,” అంది.

హైదరాబాద్‌లో జరిగే పై పోటీకి ఇక్కడి నుంచి రెండు జట్లను ఎంచారు. మొదటిది వెదురు చట్రంవాళ్లది. రెండోది మాది. యాకూబ్ సారు అందరికంటే ముందు బయటికి వెళ్లి ఫోన్‌లో హెడ్‌మాస్టరుకు అరిచి అరిచి చెప్పాడు. నేను అమ్మాయిల్ని దగ్గరకు తీసుకున్నాను. నసీమా ఇంకా పళ్లు కొరుకుతూనే ఉంది, ఈసారి ఏడవకుండా ఉండడానికి.

తిరుగు దారి

వచ్చేటప్పుడు కొత్తగూడెంలో బస్సు మారాలి. తర్వాతి బస్సుకు కాస్త వ్యవధి ఉందని చిన్నాయిన ఇంటికి వెళ్లాం. గెలిచామని చెప్పకముందే ఆయన పెట్టె తెరిచి రోలర్ చూశాడు. ముఖం మారిపోయింది.

“ఏందే ఇది? పొట్ట ఏమైంది?”

“ఏం కాలేదు చిన్నాయినా. రెండు దిక్కులకు జరిగింది, అంతే.”

నమ్మకం కుదరలేదు. వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, బంతిని సరిగ్గా మూలకు పెట్టాడు. బంతి నడుమకు వచ్చింది. రెండో మూలకు పెట్టాడు. మళ్లీ నడుమకే వచ్చింది. ఆయన మూడో బంతిని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“మీ నాయిన బతుకంత గిదే చూసిండు బిడ్డా,” అన్నాడు ఆఖరికి. “పక్కకు పోవద్దు, నడుమనే ఉండాలె. గా మాట అన్నం తినేటప్పుడు సుత అనేటోడు.”

నేను తల ఊపాను.

“ఇంకోటి పెట్టు,” అన్నాడు నసీమాతో. పెట్టింది. “ఇంకోటి.”

యాకూబ్ సారు గడియారం చూపించాడు. బస్సుకు వేళవుతోంది. నేను లేవలేదు. చిన్నాయిన పక్కన నేల మీద కూర్చున్నాను, నాయిన కంచం పక్కన కూర్చున్నట్టే. రబ్బరు వాసన వస్తోంది. ఆ బస్సు మమ్మల్ని వదిలి పోయింది, బంతులు ఒకదాని వెనక ఒకటి నడుమకు వస్తూనే ఉన్నాయి.